తెరలో పట్టని చెయ్యి

ముందు ఆ మోత వినిపించేది. నిండు బిందెలోకి ఎవరో ఒక్కొక్క గులకరాయి జారవిడుస్తున్నట్టుండే మోత. మల్లాపూర్‌లో పెద్దబాట దిగి నాలుగిళ్లు దాటితే వచ్చే రేకుల వసారా ఇంట్లో, రోజూ పొద్దుగూకి ఏడున్నర అయ్యేసరికి ఫోను అట్లా మోగేది. మోగగానే నాలుగేళ్ల అక్షిత నోరు తెరిచేది.

ఎవరూ ఫోనెత్తకముందే తెరిచేది. రెక్కల చప్పుడు వినగానే గూట్లో పిట్టపిల్ల తెరిచినట్టు. ఆ తర్వాతే తెర మీద ఆమె తండ్రి రాజేందర్ ముఖం వచ్చేది. దుబాయిలో, ఎనిమిది మంది పడుకునే గదిలో, పై మంచం మీద, నెత్తి కప్పుకు తగలకుండా మెడ వంచి కూర్చున్న మనిషి ముఖం.

"బుగ్గ సూపెట్టుండ్రి," అనేవాడు.

అతని భార్య శైలజ ఫోను దగ్గరికి జరిపేది. అతని తల్లి సత్యవ్వ నెయ్యి కలిపిన పప్పన్నం ముద్ద చేసి పిల్ల నోటికి అందించేది.

"ఇగో, మీ డాడీ సూస్తుండు. డాడీ పేరు మీద ఒక్క బుక్క. మింగినవా? ఇగ దుబాయి పేరు మీద ఒక్కటి."

దుబాయి తర్వాత విమానం పేరు మీద ఒకటి. విమానం నడిపేటాయన పేరు మీద ఒకటి. ఆయన పెళ్లాం పిల్లల పేరు మీద ఇంకో రెండు. గంటసేపు సాగేది తిండి. పిల్ల కళ్లు తెర మీద, నోరు ముద్ద కింద. రాజేందర్ తన అన్నం సంగతి మరిచి చూసేవాడు. ఆ గంటే అతని రోజు. మిగతా ఇరవై మూడు గంటలు దానికోసం కట్టిన పరంజా.

పరంజా కట్టడమే అతని పని. గోడ లేవకముందు గోడ చుట్టూ ఇనుప పైపులు బిగించడం, గోడ లేచాక విప్పేయడం. తాను కట్టినదాంట్లో ఏదీ మిగలదని నవ్వుతూ చెప్పేవాడు. అక్కడికి పోకముందు మల్లాపూర్ మండలం కబడ్డీ జట్టులో కూత పెట్టేది అతనే. సన్నగా, బిగించి కట్టిన తీగలాగా ఉండేవాడు. అక్షితకు ఏడు నెలలు నిండాక విమానమెక్కాడు. రెండేళ్లకే రావలసినవాడు, కంపెనీ మారడంతో మూడున్నరేళ్లు రాలేకపోయాడు. పోయే రోజు పొద్దున ఎడమచేతి మీద పడుకోబెట్టుకున్న పిల్ల బరువు ఆ చేతిలోనే ఉండిపోయింది. ఇరవయ్యో అంతస్తు ఎత్తున కుడి భుజం మీద పైపు మోస్తున్నప్పుడు కూడా ఎడమచెయ్యి ఖాళీగా, మరేదో బరువును వెతుక్కుంటూ ఉండేది.

అందుకే బుగ్గలు. తెరలో పిల్ల బరువు తెలియదు. బుగ్గ ఒక్కటే తెలుస్తుంది. బుగ్గ నిండుగా ఉంటే తాను ఎండలో నిలబడినందుకు ఫలం కళ్లముందు కనబడినట్టుండేది. ఏడాదికి రెండుసార్లు తాళ్లతో బిగించిన కార్టన్ పంపేవాడు. పాలపొడి డబ్బాలు, చాక్లెట్లు, క్రీము బిస్కెట్లు, నీళ్లలో కలుపుకునే నారింజ పొడి. ఆ డబ్బాలను సత్యవ్వ ముందరి గదిలో, దేవుని పటాల కింది అర మీద వరుసగా నిలబెట్టేది. ఆ వాడలో ఏ పిల్ల బొద్దుగా ఉంటే ఆ పిల్ల తండ్రి అక్కడ బాగున్నట్టు లెక్క. సన్నగా ఉంటే, "పాపం, వాళ్ల నాయినకు పని సక్కగ లేదట" అని బోరింగు దగ్గర మాట పుట్టేది. అట్లాంటి మాట తన ఇంటి మీద పుట్టకూడదని సత్యవ్వ పట్టుదల.

మొన్నటి మాఘమాసంలో, పసుపు తవ్వకాలు జోరుగా ఉన్నప్పుడు, అరవై రోజుల సెలవు మీద రాజేందర్ వచ్చాడు. కోరుట్లలో బస్సు దిగి ఆటో ఎక్కితే దారి పొడుగునా పచ్చి పసుపు వాసన, తడిమట్టి వాసన. ఆ దారంతా అతను ఒకే దృశ్యాన్ని మళ్లీ మళ్లీ కట్టుకున్నాడు. తాను గడపలో మోకాళ్ల మీద కూర్చుంటాడు. చేతులు చాపి ఒక్కసారి పిలుస్తాడు. పిల్ల ఉరికొచ్చి మీద పడుతుంది. మూడున్నరేళ్లుగా అతనికి కావలసింది అదొక్కటే.

గడపలో కూర్చున్నాడు. చేతులు చాపాడు. "అక్షితా, రా బిడ్డ."

పిల్ల సత్యవ్వ చీర కుచ్చిళ్ల వెనక నుంచి చూసింది. అతన్ని చూసి, తల్లి చేతిలోని ఫోన్ వైపు చూసింది. మళ్లీ అతన్ని చూసింది. కదలలేదు.

ఆగలేక తనే పోయి ఎత్తుకున్నాడు. ఏడు నెలల బరువు మాత్రమే తెలిసిన చేతికి ఆ బరువు ఒక్కసారిగా ఆనింది. ఆనింది కానీ పట్టు దొరకలేదు. తడిసిన దూదిమూటను ఎత్తినట్టు, పట్టిన చోటల్లా వేళ్లు లోపలికి పోయాయి. ఎత్తుకుంటే పిల్లలు కాళ్లతో నడుము చుట్టుకుంటారు. ఈ పిల్ల కాళ్లు ఊరికే వేలాడాయి. ఏడుపు అందుకుంది. దించేశాడు.

ఆ పూట ఏడున్నర అయింది. మోత లేదు. పళ్లెం ముందు కూర్చున్న అక్షిత నోరు తెరవలేదు.

"డాడీ ఫోన్ చేస్తలేడు," అంది.

"ఎందుకు చేస్తడే? నీ ఎదురుంగనే కూసున్నడు గద," అంది సత్యవ్వ.

పిల్ల అతన్ని నిదానంగా చూసింది. "గీ అంకుల్ కాదు. ఫోన్ల డాడీ."

సత్యవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అంకులట. ఇంక నయం, తాత అనలే."

రాజేందర్ కూడా నవ్వాడు. నవ్వుకుంటూనే లేచి పోయి చేతులు కడుక్కున్నాడు. అతను ఇంకా ఒక్క ముద్ద కూడా తినలేదు.

రెండు రోజులు అట్లాగే గడిచాయి. పిల్ల పాలు తాగింది, బిస్కెట్లు నమిలింది, అన్నానికి మాత్రం నోరు విప్పలేదు. మూడో రోజు సత్యవ్వ ఓపిక అయిపోయింది.

"బిడ్డ ఎండిపోతాంది. రాజేందర్, నువ్వు ఇంటెనకకు పోయి ఫోన్ చెయ్యిరా."

"నా ఇంట్ల నేనుండంగ ఫోనేందే అవ్వా?"

"నీ ఇల్లే. నీ బిడ్డే. తినాల్నా వద్దా?"

పోయాడు. ఇంటి వెనక, విత్తనం పసుపు సంచులు దొంతర పెట్టిన చోట, వంటగది కిటికీకి ఇవతల నిలబడి శైలజ నంబరు నొక్కాడు. లోపల గులకరాళ్లు జారినట్టు మోత. తన పిలుపు తన ఇంట్లో ఎట్లా వినబడుతుందో అతను మొదటిసారి విన్నాడు. కిటికీ ఊచల మధ్య నుంచి చూస్తే, పిల్ల నోరు అప్పటికే తెరుచుకుని ఉంది.

చేతిలో ఫోను, ఎదురుగా కిటికీ. ఒకే పిల్ల రెండు చోట్ల. తెరలో రోజూ చూసే ముఖమే, మెరిసే కళ్లు, నిండు బుగ్గలు, అందుకోవడానికి ముందుకొచ్చే నోరు. కిటికీలో మాత్రం పిల్ల మొత్తం కనబడుతోంది. వంగిన వీపు, చాపిన కాళ్లు, ఒళ్లో పడి ఉన్న చేతులు. ఆరో ముద్ద తర్వాత ఎడమచెయ్యి లేచింది. పళ్లెం అంచు పట్టి అవతలికి నెట్టింది. కోపంతో కాదు. రోజూ చేసే పనిలాగా, నెమ్మదిగా. సత్యవ్వ అటు చూడకుండానే పళ్లెం మళ్లీ ఇవతలికి లాక్కుంది.

"విమానం పేరు మీద ఒక్కటి."

నోరు తెరుచుకుంది. చెయ్యి మళ్లీ నెట్టింది. పళ్లెం మళ్లీ వచ్చింది.

నోరు తండ్రికోసం తెరుచుకుంటోంది. చెయ్యి చాలంటోంది. మూడున్నరేళ్లు అతను నోటినే చూస్తూ మురిశాడు. చెయ్యి తెరలో పట్టలేదు.

అతను ఫోన్ కట్ చేశాడు. లోపల ఆ నోరు ఇంకా కాసేపు తెరుచుకునే ఉంది.

మర్నాడు పొద్దున శైలజ బట్టలు ఉతికే బండ దగ్గర ఉంటే పోయి పక్కన కూర్చున్నాడు.

"పళ్లెం నూకుతది గద, గా చెయ్యి నువ్వు సూసినవా?"

శైలజ చెయ్యి ఆగింది. "సూసిన."

"మరి నాకు చెప్పలేదేంది?"

ఆమె చేతిలోని బట్టను మళ్లీ నీళ్లలో ముంచింది. శైలజ పుట్టిల్లు సిరిసిల్ల. సాంచెల మోతలో పుట్టి పెరిగిన పిల్ల. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. ఆ మోత ఆగిపోతేనే నిద్ర లేచే ఊరు అది. అక్కడివాళ్లు అవసరమైతే గట్టిగా అరవగలరు, లేకపోతే సైగలతో సరిపెట్టుకుంటారు. శైలజది రెండో రకం.

"పోయిన ఎండకాలం పది రోజులు అవ్వగారింటికి పోయిన, యాదికున్నదా?" అంది చివరికి. "నాలుగు సాంచెల నడుమ ఫోన్ ఏం ఇనవడ్తది? నువ్వు చేసుడు, నాకు తెల్వకపోవుడు. బిడ్డకు గూడ తెల్వలే. మా అవ్వ నూలు కండెలు చుట్టి ఇస్తుంటె, అండ్లకెళ్లి ఒక్కొక్క కండె పట్టుకొని సాంచె కాడికి, మళ్ల అవ్వ కాడికి, పొద్దంత ఉరికింది. ఆకలైతె అచ్చి కూసునేది. దాని చేత్తోని అదే తిన్నది. సాలంటె లేసి పోయింది. పదిరోజులల్ల బుగ్గ జర లోపలికి పోయింది గని, కాళ్లకు పాణమచ్చింది."

రాజేందర్‌కు యాదికొచ్చింది. ఆమె ఆ తర్వాత అనబోయే మాట కూడా యాదికొచ్చింది.

"ఇంటికచ్చినంక ఫోన్ల సూసి నువ్వేమన్నవు? 'నేనీడ ఎండల మాడుతుంటె, నువ్వాడ నా బిడ్డను ఎండవెట్టినవా' అన్నవు. రెండు దినాలు నాతోని మాట్లాడలె. ఇగ నేనేం చెప్పాలె?"

బట్టలు బండ మీద పడ్డాయి. ఆ చప్పుడులో అతను ఏమన్నాడో ఆమెకు వినబడిందో లేదో. విన్నట్టే తలూపింది.

అంగన్వాడీ టీచర్ కౌసర్ రోజూ కోరుట్ల నుంచి బస్సులో వస్తుంది. పద్నాలుగేళ్లుగా ఊళ్లో పిల్లలందరినీ నెలకోసారి కాంటా మీద నిలబెట్టిన మనిషి. ఎవరి పిల్ల ఎంత బరువో తల్లులు మరిచిపోయినా ఆమె మరిచిపోదు. ఆ వారం రాజేందర్ తనే అక్షితను చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. నూటయాభై అడుగుల దూరం. పిల్ల రెండుసార్లు ఆగి కూర్చుంది.

"రాజేందరన్నా, బాగున్నవా? బిడ్డ తోలుకొచ్చినవు, మంచిది," అంది కౌసర్. అక్షితను కాంటా ఎక్కించింది. ఇరవై ఒక్క కిలోల మున్నూరు గ్రాములు. పక్కనే గోడకానుకుని నిలబడ్డ రచన అనే ఆరేళ్ల పిల్లను పిలిచింది. బడి సెలవు కాబట్టి తమ్ముణ్ని దింపడానికి వచ్చిన పిల్ల. ఆమెనూ ఎక్కించింది. కాంటా దాదాపు అదే అంకె చూపింది.

"అంకె ఒక్కటే, సూసినవా? ఇగ గిది సూడు. ఇద్దరు కింద కూసోండ్రి. నేలకు చెయ్యి ఆనియ్యకుండ లేవుండ్రి."

రచన లేచింది. లేచి, ఊరికే ఒక గెంతు గెంతింది. అక్షిత ముందుకు వంగింది, పక్కకు ఒరిగింది, రెండు చేతులూ నేలకు ఆనించింది, గోడ పట్టుకుంది. లేచాక ఆయాసపడింది.

"కాంట బరువు చెప్తది అన్నా. ఆ బరువుల కండ ఎంత, కొవ్వు ఎంత, అది చెప్పది. అది సూడాల్నంటె పిల్లను ఆడియ్యాలె. పోయిన ఏడే మీ అవ్వకు చెప్పిన."

"ఏమన్నది?"

"నా కండ్లు మంచియి కావన్నది. పోరికి దిష్టి తీసి, మిరపకాయలు పొయ్యిలేసి, నా దిక్కు చూసుకుంటనే దగ్గింది." కౌసర్ నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "జగిత్యాలకు తీస్కపో అన్నా. రక్తం సూపియ్యి. కండ్ల కింద తెల్లగ ఉంది."

జగిత్యాలలో పిల్లల డాక్టరమ్మ రక్తం చూసి తక్కువుందని చెప్పింది. సత్యవ్వ నమ్మలేదు.

"గింత బొద్దుగున్నది, దీనికి రక్తం తక్కువేంది డాక్టరమ్మా?"

"పాలు, బిస్కెట్లు కడుపు నింపుతాయమ్మా, రక్తాన్ని నింపవు," అంది డాక్టరమ్మ. "తిండి మాన్పించొద్దు, ఎదిగే పిల్ల. సన్నబడాలని కూడా చూడొద్దు. పొడుగు సాగే కొద్దీ బరువు అదే సర్దుకుంటుంది. తిండి మార్చండి. గుడ్డు, పప్పు, ఆకుకూర, జామకాయ. ఏం పెట్టాలో మీరు చూసుకోండి, ఎంత తినాలో పిల్లను చెప్పనివ్వండి. తిన్నది కండ కావాలంటే ఒళ్లు కదలాలి. రోజు మొత్తం మీద మూడు గంటలైనా ఆడాలి. ఫోన్ ముందు తినిపిస్తున్నారా?"

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రాజేందరే చెప్పాడు. "నేనే మేడం. ఫోన్ల ఉండేది నేనే."

తిరుగు బస్సులో సత్యవ్వ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. రెండు రోజులు పసుపు పనిలోనే తల దూర్చింది. మూడో రోజు ఇంటి వెనక కల్లంలో పసుపు ఉడుకుతోంది. ఆవిరి తెల్లగా లేచి చేలమీదికి పోతోంది. ఒకపక్క పచ్చి కొమ్ముల కుప్ప, ఇంకోపక్క వారం కింద ఉడకబెట్టి ఎండబోసిన కొమ్ములు. సత్యవ్వ ఎండు కొమ్మొకటి తీసుకుని విరిచింది. ఠక్కున విరిగింది.

"పచ్చి కుప్ప సూసి మురిసేటోడు రైతు కాదురా," అంది, ఎవరితో అంటున్నదీ తెలియకుండా. "అయిదు కింటాళ్లు ఎండితె ఒక్క కింటా మిగుల్తది. పోయింది నీళ్లు. మిగిలింది పసుపు. పుట్టి బుద్ధెరిగినకాన్నుంచి గీ పనే చేస్తున్న. మనుమరాలి కాడికచ్చేసరికి పచ్చి కుప్పనే సూసిన."

ఇంట్లోకి పోయి అర మీది డబ్బాలు దించింది. ఖాళీవి, ఆరో ఏడో ఉన్నాయి. సంచిలో వేసుకొచ్చి కల్లం మీద కుమ్మరించింది.

"నీ కార్టన్లు నువ్వే ఉంచుకో. ఆడుకోండ్రి."

ఆ డబ్బాలే గీత అయ్యాయి. ఎండబోసిన పసుపుకు ఇవతల, ఊడ్చి ఉంచిన నేల మీద రాజేందర్ వాటిని వరుసగా పేర్చాడు. గీతకు అటు అక్షిత, ఇటు తను. సాయంత్రం అయిదింటికి, ఎండ తగ్గి పసుపు రంగు తిరిగినప్పుడు, అతను ఊపిరి బిగబట్టి కూత పెట్టేవాడు. ఏళ్ల తర్వాత పెట్టిన కూత. మొదటి రోజు మధ్యలోనే తెగింది.

మొదటి వారం అక్షిత కూర్చునే ఉంది. ఒక డబ్బాను తంతే అది దొర్లుతూ చేసే చప్పుడు నచ్చి, లేచి పోయి ఇంకోసారి తన్నింది. ఆ రోజుకు అంతే. రెండో వారం డబ్బా వెనక పది అడుగులు నడిచింది. రచన, ఆమె తమ్ముడు, ఇంకో నలుగురు చేరారు. పిల్లలను చూసి పిల్ల లేచింది. పడింది, ఏడ్చింది, ఒకరోజు అస్సలు రానని గుమ్మంలో బైఠాయించింది. రాజేందర్ బతిమాలలేదు, ఎత్తుకుపోనూ లేదు. వాకిట్లో నిలబడి ఒంటరిగా కూత పెట్టాడు. వాడకట్టులో వాళ్లు తలుపుల్లోంచి చూసి, దుబాయి ఎండకు రాజేందర్‌కు ఏదో అయిందని నవ్వుకున్నారు.

ముప్పయ్యో రోజు దాటాక ఒక సాయంత్రం, ఆట మధ్యలో అక్షిత ఆగిపోయింది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని శైలజ దగ్గరికి నడిచింది.

"మమ్మీ, ఆకలైతాంది."

ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఆమె నోట విని ఎరగరు. ఆకలి అయ్యేదాకా ఎవరూ ఎన్నడూ ఆగలేదు. శైలజ జొన్నరొట్టె తుంపి, పాలకూర పప్పు వేసి పళ్లెం కింద పెట్టింది. పిల్ల తన చేత్తో తిన్నది. ముక్కుకు, గడ్డానికి పూసుకుంటూ తిన్నది. సగం రొట్టె, ఉడకబెట్టిన గుడ్డు. ఆ తర్వాత ఎడమచెయ్యి లేచి పళ్లెం నెట్టింది.

సత్యవ్వ చెయ్యి అలవాటుగా పళ్లెం దాకా పోయింది. అక్కడే ఆగింది. కాసేపు గాలిలో ఉండి, వెనక్కి వచ్చి ఒళ్లో పడింది.

సరిగ్గా అప్పుడే పక్కింట్లో ఎవరిదో ఫోన్ మోగింది. అదే మోత, బిందెలో గులకరాళ్లు. కడుపు నిండి, పళ్లెం నెట్టేసిన పిల్ల, తల ఎత్తి నోరు తెరిచింది.

ముగ్గురూ చూశారు. రాజేందర్ లేచి కల్లంలోకి పోయాడు. ఎంతోసేపు డబ్బాలను ఒకదాని మీద ఒకటి పేరుస్తూ ఉన్నాడు. తిరిగొచ్చాక శైలజతో అన్నాడు.

"నేను పోయినంక పొద్దుమూకి చెయ్య. పగటీలి బువ్వ టైముల నీకు చేస్త, బిడ్డ అంగన్వాడిల ఉంటది గద. బిడ్డను మాత్రం ఆదివారం సూస్త. ఒక్క ఆదివారమే. గది గూడ తినేటప్పుడు కాదు."

"ఆరు దినాలు సూడకుంట ఉంటవా?"

"నేను సూసుడే దానికి తిండయింది శైలూ."

తన పిలుపును తనే తగ్గించుకోవడం. తాను పిలిస్తే పిల్ల రావాలని సముద్రం దాటి వచ్చిన మనిషి చేతిలో మిగిలింది అదొక్కటే.

యాభై రెండో రోజు సాయంత్రం. కల్లం మీద పసుపు పూర్తిగా ఎండి, కొమ్ముల మీద కాలు పడితే గలగలమంటోంది. అక్షిత గీతకు అటువైపు నిలబడింది. రచన ఆమె చెవిలో ఏదో చెప్పింది. రాజేందర్ ఇటు మోకాళ్ల మీద కూర్చున్నాడు. పిలవలేదు. చేతులు చాపలేదు.

పిల్ల ఊపిరి పీల్చింది. "కబడ్డి కబడ్డి కబడ్డి" అని సన్నటి కూతతో, డబ్బాల గీత దాటింది. చెదిరిన జుట్టు, పసుపు అంటిన కాళ్లు. ఉరికొచ్చింది. ఎవరూ పిలవకుండా, ఏ మోతా లేకుండా, నేరుగా అతని మీదికి ఉరికొచ్చింది. పట్టుకోవడం తెలిసిన మనిషి అతను. ఒకప్పుడు మండలంలో ఎవరూ అతని చేతిలోంచి జారిపోలేదు. రెండు చేతులూ లేచాయి. లేచి, అట్లాగే ఆగిపోయాయి. అక్షిత అతని మోకాలి మీద ఫట్టున ఒక దెబ్బ వేసి, వెనక్కి తిరిగి ఉరికింది. గీత దాటేదాకా కూత తెగలేదు.

"అంకుల్ అవుట్," అంది అటు నుంచి. ఒక్క క్షణం ఆగి, "డాడీ అవుట్," అని దిద్దింది.

రాజేందర్ వెల్లకిలా మట్టిలో పడుకున్నాడు. చేట పట్టుకుని పసుపు చెరుగుతున్న సత్యవ్వ తల ఎత్తకుండానే అంది.

"ఏం చూస్తవురా మీదికి? నీ బిడ్డనే గద. నువ్వు గూడ గట్లనే, మూడున్నరేండ్లకు అచ్చినవు, ముట్టినవు, మళ్ల ఉరుకుతున్నవు."

పోయే ముందురోజు కౌసర్ మళ్లీ కాంటా ఎక్కించింది. ఇరవై ఒక్క కిలోల రెండు వందల గ్రాములు. వంద గ్రాములు తేడా. రాజేందర్ ముఖం వాడిపోవడం ఆమె చూసింది.

"అంకెకు ఏం ఎరుక అన్నా," అంది. "బిడ్డా, కింద కూసో. ఇగ లేవు."

అక్షిత కూర్చుంది. లేచింది. చేతులు నేలకు ఆనలేదు. లేచాక, రచనను చూసి నేర్చిన గెంతు ఒకటి గెంతింది. కౌసర్ గోడకు ఆనించి పొడవు కొలిచింది. అర సెంటీమీటరు పెరిగింది. పుస్తకంలో అది రాసుకుని, "బస్, గిదే చాలు" అని మూసింది.

పొద్దున ఆటో వచ్చేసరికి పిల్ల నిద్రకళ్లతో గడపలో ఉంది. అతను ఎత్తుకున్నాడు. ఈసారి కాళ్లు వేలాడలేదు. రెండు కాళ్లూ నడుము చుట్టూ వచ్చి బిగిశాయి, పందిరి ఎక్కిన తీగలాగా. బరువు అదే. కానీ పట్టు దొరికింది. చర్మం కింద, సన్నగా, కొత్తగా, ఏదో గట్టిది కదిలింది. ఎడమచెయ్యి ఏడు నెలల బరువును విడిచిపెట్టి దీన్ని నేర్చుకుంది. నేర్చుకున్నంతసేపు అతను గడప దిగలేదు. ఆటో అతను రెండుసార్లు హారన్ కొట్టాడు.

కోరుట్ల బస్టాండులో హైదరాబాద్ బస్సు ఆలస్యమైంది. అతను బ్యాగు మీద కూర్చుని, ఎడమ అరచెయ్యి తెరిచి చూసుకుంటూ, మూస్తూ ఉన్నాడు. మునుపటిలాగా రోజూ బుగ్గలు చూడకుండా ఉండగలవా అని, అతను చెప్పిన ఇదంతా రాసుకుంటూ పక్కన కూర్చున్న మనిషి అడిగాడు. బస్సు వంపు తిరుగుతుంటే రాజేందర్ లేచి, బ్యాగు భుజానికి వేసుకుని చెప్పాడు.

"ఆదివారం అయిదింటికి శైలజ ఫోన్ పట్టుకొని కల్లం కాడ నిలవడ్తది అన్నా. బిడ్డ ఆడుతుంటది. మొకం కనవడది. ఉరికేటోళ్ల మొకం యాడ కనవడ్తది, ఈపే కనవడ్తది. గా ఈపు సూసుకుంట కూసుంట."